మూసలో పడకుండా మిగిలినవి

1816 సెప్టెంబరు 28న నెదర్లాండ్స్ రాజ్యం కొత్త నాణేల చట్టం చేసింది. రాజు మొదటి విలెమ్. రాజ్యానికి అప్పటికి నిండా రెండేళ్ళు లేవు. ఇవాళ్టి బెల్జియం కూడా అందులోనే ఉండేది. గిల్డర్‌ను వంద సెంట్లుగా విభజించి, దాని బరువు 10.766 గ్రాములని, వెండి వన్నె వెయ్యికి 893 పాళ్ళని నిర్ణయించారు. అంటే ప్రతి గిల్డర్‌లోనూ దాదాపు 9.61 గ్రాముల అచ్చమైన వెండి ఉండాలి. దక్షిణాది జనం ఫ్రెంచి ఫ్రాంకులకు అలవాటు పడ్డారు కనుక, అక్కడ ఫ్రాంకు నలభై ఏడుంపావు సెంట్లకు చెల్లుతుందని కూడా ఒప్పుకున్నారు.

ఈ రెండు అంకెలూ విడివిడిగా చూస్తే ఏ దోషమూ కనిపించదు. కలిపి గుణిస్తేనే లొసుగు బయటపడుతుంది. ఫ్రాంకు బరువు అయిదు గ్రాములు, వన్నె 900, అందులోని వెండి నాలుగున్నర గ్రాములు. వెయ్యి గిల్డర్లు కరిగిస్తే 9,610 గ్రాముల వెండి వస్తుంది. దానితో 2,135 ఫ్రాంకులు కొట్టవచ్చు. ఆ ఫ్రాంకుల్ని చట్టం చెప్పిన రేటుకే మార్చితే చేతికి 1,009 గిల్డర్లు తిరిగొస్తాయి. టంకశాల కూలీ, దారి ఖర్చులూ తీసేస్తే అందులో మిగిలేది సన్నని అంచే. కానీ ఎలాగూ వెండి కొని ఫ్రాంకులు చేయించుకోవాల్సిన వర్తకుడికి కొత్త గిల్డర్ చవకైన ముడిసరుకయింది. ఉత్తరాన పరిస్థితి ఇంకా అధ్వానం. డచ్చి గణతంత్రం నాటి పాత ప్రాంతీయ నాణేలు అరిగిపోయి, అంచులు కత్తిరింపులకు గురై, బరువు తగ్గి కూడా అదే విలువకు చెలామణీ అవుతూ ఉండేవి. తక్కువ వెండి ఉన్న నాణెంతో బాకీ తీరుతుంటే ఎక్కువ వెండి ఉన్న నాణెం ఎవరు ఇస్తారు? మంచి డబ్బును చెడ్డ డబ్బు తరిమేస్తుందని గ్రెషామ్ పేరున చెప్పుకునే సూత్రం ఇదే. టంకశాల నుంచి వచ్చిన కొత్త గిల్డర్ పెట్టెలోకో, సరిహద్దు దాటి మూసలోకో పోయేది.

పందొమ్మిదో శతాబ్దపు డచ్చి వెండి నాణేలు సేకరించాలనుకునేవారు ముందు ఈ సంగతి గ్రహించాలి. కేటలాగులో ఒక సంవత్సరం ఎదురుగా ఎన్ని నాణేలు ముద్రించారో ఉంటుంది. కొత్తవాళ్ళు ఆ అంకె చూసే అరుదో కాదో తేల్చేస్తారు. ఆ అంకె పుట్టుకల లెక్క మాత్రమే, మనకు కావలసింది బతికి ఉన్నవాటి లెక్క.

ఈ రెండింటి మధ్య దూరం ఎంత ఉంటుందో కాస్త గణితంతో చూద్దాం. చెలామణీలో ఉన్న నాణేల్లో ఏటా నూటికి రెండు పోతాయనుకుందాం: కొన్ని నీళ్ళలో పడతాయి, కొన్ని పరదేశం పోతాయి, కొన్ని కంసాలి కొలిమికి చేరతాయి. రేడియోధార్మిక పదార్థం క్షీణించే తీరే ఇక్కడా వర్తిస్తుంది. ముప్ఫై అయిదేళ్ళకు సగం మిగులుతాయి, నూరేళ్ళకు నూటికి పదమూడు. నిజానికి నాణేల చావు ఇంత సాఫీగా సాగదు. దశాబ్దాల తరబడి నెమ్మదిగా తరుగుతూ ఉండి, ఒక చట్టమో యుద్ధమో రాగానే రెండు మూడేళ్ళలో సగానికి సగం మాయమవుతాయి. డచ్చి వెండికి అలాంటి గండాలు కనీసం మూడు వచ్చాయి. ఏ నాణెం ఏ గండం ముందు పుట్టిందో తెలిస్తే దాని అరుదుతనం సగం తెలిసినట్టే.

మొదటి గండం ప్రభుత్వం తానే తెచ్చుకున్నది. 1839లో చట్టం మార్చి గిల్డర్ బరువు సరిగ్గా పది గ్రాములు, వన్నె 945 అన్నారు. వెండి 9.45 గ్రాములకు తగ్గింది. తేడా నూటికి రెండు కూడా లేదు. అయినా పాత 1816 నమూనా గిల్డర్ ఆ రోజు నుంచి చేతిలో ఉంచుకోవడం కన్నా కరిగించడం లాభమయింది. తర్వాత 1840లలో, ముఖ్యంగా 1845 నుంచి 1849 దాకా, దేశంలోని పాత వెండి నాణేలన్నిటినీ వెనక్కి తీసుకుని ఉట్రెక్ట్ టంకశాలలో కొత్తవి కొట్టారు. ఆ మధ్యకాలంలో జనం చేతిలో డబ్బు ఆడటానికి ప్రభుత్వం తాత్కాలికంగా కాగితపు నోట్లు విడుదల చేయవలసి వచ్చింది. అంత పెద్ద పని అది. రెండో విలెమ్ బొమ్మ ఉన్న, ఆ సంవత్సరాల నాటి గిల్డర్లు, రెండున్నర గిల్డర్ల రైక్స్‌డాల్డర్లు నేటికీ సులువుగా దొరకడానికి కారణం ఇదే. తండ్రి బొమ్మ ఉన్న పెద్ద నాణేలు దొరక్కపోవడానికీ కారణం ఇదే. తండ్రి వెండి కరిగి కొడుకు నాణేలయింది.

మొదటి విలెమ్ నాణేల్లో నా దృష్టిలో అన్నిటికన్నా గొప్పది మూడు గిల్డర్ల నాణెం. వ్యాసం 40 మిల్లీమీటర్లు, బరువు 32.298 గ్రాములు. అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది. ఉట్రెక్ట్‌లో ముద్రించినవాటి మీద మెర్క్యురీ దేవుడి దండం, రెండు పాములు చుట్టుకున్నది, చిన్న గుర్తుగా ఉంటుంది. బ్రస్సెల్స్‌లో ముద్రించినవాటి మీద ‘బీ’ అక్షరం ఉంటుంది. 1830లో బెల్జియం తిరగబడి వేరుపడటంతో ఈ రెండో టంకశాల డచ్చి రాజుకు చేజారింది. ఒక రాజ్యం ఎక్కడిదాకా విస్తరించిందో, ఎప్పుడు చీలిందో ఆ ఒక్క అక్షరం చెబుతుంది. టంకశాల గుర్తు పక్కనే అధికారి గుర్తు కూడా ఉంటుంది: మొదట కాగడా, తర్వాత లిల్లీ పువ్వు, కత్తి, గొడ్డలి, శతాబ్దం చివరికి పరశువు తగిలించిన ఈటె. సంవత్సరానికీ అధికారి గుర్తుకూ పొంతన కుదరకపోతే ఆ నాణెం దొంగది. భూతద్దం ఒక్కటి చాలు, ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

మొదటి విలెమ్ 1840 అక్టోబరులో సింహాసనం వదిలేశాడు. కాబట్టి కొత్త 945 వన్నెలో ఆయన బొమ్మతో వచ్చిన రైక్స్‌డాల్డర్ మీద 1840 తప్ప వేరే సంవత్సరం ఉండదు. ఇలాంటివే ఒకే ఏడాది నాణేలు. 1898 నాటి రైక్స్‌డాల్డర్ కూడా అంతే. పద్దెనిమిదేళ్ళు నిండి అధికారం చేపట్టిన విల్హెల్మినా రాణి, కిరీటం ధరించిన రూపంలో, శిల్పి పియెర్ పాండర్ చేతి పనితనం. ఆ తర్వాత రైక్స్‌డాల్డర్ మళ్ళీ వెలువడింది 1929లోనే. ఆమె నాణేల మీద తండ్రి మూడో విలెమ్ నాణేల చుట్టూ ఉండే లగ్జంబర్గ్ గ్రాండ్ డ్యూక్ అనే బిరుదాక్షరాలు కనిపించవు. అక్కడి వారసత్వ నియమం కూతురిని ఒప్పుకోలేదు. 1890లో ఆ గద్దె వేరే శాఖకు పోయింది.

రెండో గండం కథ తలకిందులుగా నడుస్తుంది. 1870ల మొదటి దాకా డచ్చి దేశంలో ఎవరైనా వెండి తెచ్చి టంకశాలలో ఇస్తే గిల్డర్లు కొట్టి ఇచ్చేవారు. 1871 తర్వాత జర్మనీ బంగారానికి మారి తన వెండిని బజారులో కుమ్మరించింది, ధర జారింది. డచ్చి ప్రభుత్వం 1873లో వెండి ముద్రణకు తలుపులు మూసి, 1875లో బంగారు పది గిల్డర్ల నాణెం తెచ్చింది. దాంతో వెండి గిల్డర్ ముఖ విలువ అందులోని వెండి విలువను మించిపోయింది. కరిగిస్తే నష్టం. మూడో విలెమ్ నాణేలు అందువల్లనే ప్రాణాలతో బయటపడ్డాయి. కొత్తవి కొట్టవలసిన అవసరమూ పోయింది. ఆయన గిల్డర్లు అప్పటికే 1860ల నడిమితో దాదాపు ఆగిపోయాయి, మళ్ళీ గిల్డర్ వచ్చింది 1892లో, జుట్టు భుజాల మీదికి జారిన చిన్నపిల్ల బొమ్మతో.

అసలు దెబ్బ మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత తగిలింది. 1919–20 నాటికి వెండి ధర ఆకాశానికి ఎగిసింది. గిల్డర్ మళ్ళీ తనలోని వెండి కన్నా చవకయ్యే ప్రమాదం వచ్చేసరికి డచ్చివారు వన్నెను 945 నుంచి 720కి దించారు, పరిమాణం, బరువు మాత్రం మార్చలేదు. పాతవి వెనక్కి పిలిపించి కొత్తవాటికి ముడిసరుకు చేశారు. మూడోది రెండో ప్రపంచ యుద్ధం: జర్మన్ ఆక్రమణలో చిల్లర జింకుకు మారింది, జనం వెండిని దాచుకున్నారు. ఇవాళ వేలాల్లో కనిపించే ఎన్నో మంచి నాణేలు అలా దాచినవాటి వారసత్వమే.

చిల్లర నాణేల సంగతి ఎవరూ పెద్దగా రాయరు గానీ నాకు అది చాలా ముచ్చటగా ఉంటుంది. 1816 చట్టంలో 25 సెంట్ల నాణెం బరువు 4.230 గ్రాములు, వన్నె 569. గుణించి చూడండి: 2.40 గ్రాముల వెండి, గిల్డర్‌లో సరిగ్గా పావు వంతు. చిన్న నాణెం చేతికి ఆనేలా రాగి ఎక్కువ కలిపారు తప్ప వెండిలో కోత పెట్టలేదు. 1847 నాటి చట్టానికి ఆలోచన మారింది. 25 సెంట్లు 3.575 గ్రాములు, వన్నె 640. అందులో వెండి పావు గిల్డర్‌కు రావలసినదాని కన్నా నూటికి మూడు తక్కువ. పది సెంట్లలో అయిదు, అయిదు సెంట్లలో ఏడు తక్కువ. నాణెం చిన్నదయిన కొద్దీ కోత పెద్దది. చిల్లరను కరిగించడంలో లాభం లేకుండా చేసిన తెలివైన ఏర్పాటు అది. అయినా అయిదు సెంట్ల వెండి నాణెం శుభ్రమైన స్థితిలో దొరకడం కష్టమే. దాని బరువు 0.685 గ్రాములు, వ్యాసం సుమారు పన్నెండున్నర మిల్లీమీటర్లు. నేల పలకల సందులో పడితే ఇక అంతే.

ఇక లోహం దగ్గరికి వద్దాం. వెండి ఒంటరిగా మెత్తనిది. రాగి కలిపితే గట్టిపడుతుంది. కానీ ఈ రెండూ ఎంత పడితే అంత కలిసిపోవు. ఘనరూపంలో వెండి తనలో కరిగించుకోగల రాగి గరిష్ఠంగా నూటికి తొమ్మిది పాళ్ళకు కొంచెం తక్కువ, అదీ 780 డిగ్రీల సెల్సియస్ దగ్గర. 945 వన్నెలో రాగి అయిదున్నర పాళ్ళే. అంత వేడిలో అది మొత్తంగా వెండిలో ఇమిడిపోగలదు. 893 వన్నెలో పదిన్నర దాటింది, ఇమడదు. మూసలోంచి పోసిన లోహం చల్లారేటప్పుడు ముందుగా వెండి ఎక్కువున్న స్ఫటికాలు గడ్డకడతాయి. రాగి ఎక్కువున్న ద్రవం వాటి సందుల్లో చివరిదాకా మిగిలి అక్కడే గట్టిపడుతుంది. 569 వన్నె చిల్లర నాణేల్లో రాగి ఉనికి కంటికే తెలుస్తుంది. ఇలాంటి తక్కువ వన్నె బిళ్ళల్ని ఆమ్లంలో ఉడికిస్తే పైపొర రాగి పోయి తెల్లని వెండి తేలుతుంది. చేతులు మారి మారి ఆ పొర అరిగాక, రాజుగారి చెంప మీద, జుట్టు మీద ఎర్రని ఛాయ బయటపడుతుంది. దాన్ని చూసి నకిలీ అనుకుని పారేయకండి.

వన్నె కొలిచే విద్య కూడా ఆ కాలంలోనే మారింది. తరతరాలుగా మచ్చుముక్కను సీసంతో కలిపి ఎముకల బూడిద కుప్పెలో పుటం పెట్టి, మిగిలిన వెండి పూసను తూచేవారు. కొంత వెండి ఆ కుప్పెలోకి ఇంకిపోవడం వల్ల ఫలితం ఎప్పుడూ కాస్త తక్కువగా వచ్చేది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త గే-లుసాక్ 1830ల మొదట్లో తడి పద్ధతి ప్రచురించాడు: వెండిని నత్రికామ్లంలో కరిగించి, లెక్కగట్టిన ఉప్పునీటిని కొద్దికొద్దిగా పోస్తూ తెల్లని అవక్షేపం ఎక్కడ ఆగుతుందో చూడటం. వెయ్యిలో ఒకటో అరో తేడా కూడా దీంతో పట్టుబడింది. 945 అని మూడంకెల్లో ధైర్యంగా చట్టంలో రాయగలిగిన కాలం అది.

నాణేన్ని గీయకుండా, కరిగించకుండా వన్నె అంచనా వేసే దారి ఆర్కిమెడీస్‌ది. వెండి సాంద్రత 10.49, రాగి 8.96. లెక్క కడితే 945 వన్నె మిశ్రమానికి 10.39, 893కి 10.30, 720కి 10.01 వస్తుంది. పాతిక గ్రాముల రైక్స్‌డాల్డర్‌ను సన్నని దారంతో నీళ్ళలో వేలాడదీసి తూచండి. దాదాపు 2.4 గ్రాములు తగ్గి 22.6 చూపించాలి. రాగి-నికెల్ మిశ్రమంతో చేసిన నకిలీ అయితే 22.2 దగ్గర ఆగుతుంది. గ్రాములో నూరోవంతు చూపే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు దీనికి సరిపోతుంది. బుడగలు అంటుకోకుండా చూసుకోవాలి, నీళ్ళు మరిగించి చల్లార్చినవయితే మేలు. అయితే ఈ పరీక్షను మోసం చేయవచ్చు. సీసం సాంద్రత 11.34, తగరం 7.29. తగుపాళ్ళలో కలిపితే వెండి సాంద్రతే వస్తుంది. అందుకే మన పెద్దలు వెండి రూపాయిని రాతి మీద మోగించి చూసేవారు. సీసం కలిసినది మోగదు. గట్టి నేల మీద అరుదైన నాణెం పడేయమని మాత్రం నేను చెప్పను. వేలి కొన మీద నిలబెట్టి చెక్క పెన్సిలుతో మెల్లగా తట్టినా వినిపిస్తుంది.

ఎక్స్-కిరణాలతో లోహాన్ని గుర్తించే యంత్రం ఇప్పుడు నగల దుకాణాల్లో కూడా ఉంది. అది చూసేది మిల్లీమీటరులో చిన్న భాగం లోతు వరకే. ఆమ్లంలో ఉడికిన పైపొర ఉన్న నాణేనికి అది అసలు కన్నా ఎక్కువ వన్నె చూపవచ్చు. యంత్రం ఇచ్చిన అంకెను త్రాసు ఇచ్చిన అంకెతో సరిపోల్చకుండా నమ్మవద్దు.

నకిలీల్లో పోత పోసినవి సులువుగా దొరుకుతాయి. అసలు నాణెం ఒత్తిడితో పుట్టింది. అచ్చు మోదగానే లోహం మధ్య నుంచి అంచుకు జరుగుతుంది, ఆ జరుగుడు నాణెం మైదానంలో కంటికి ఆనని సన్నని గాడులుగా మిగులుతుంది. దీపం కింద నాణేన్ని వంచి తిప్పితే వెలుగు కిరణాలుగా తిరుగుతుంది. పోత నాణేనికి ఈ తిరిగే వెలుగు ఉండదు, పైగా గాలి బుడగల గుంటలు కనిపిస్తాయి. పెద్ద నాణేల అంచు మీద దేవుడు మాకు తోడుండుగాక అనే అర్థంలో డచ్చి అక్షరాలు లోపలికి ఒత్తి ఉంటాయి. అక్షరాలు గజిబిజిగా ఉన్నా, అంచు చుట్టూ సన్నని అతుకు గీత ఉన్నా అనుమానించాలి. అన్నిటికన్నా కష్టమైనది సంవత్సరం మార్చిన అసలు నాణెం. సాదా ఏడాది నాణెం మీద ఒక అంకె గీకి, అరుదైన ఏడాదిగా దిద్దుతారు. బరువు సరి, వన్నె సరి, మోగడం సరి. పదిరెట్లు పెద్దది చేసి చూస్తే ఆ అంకె అడుగున లోహం రంగు వేరుగా, చుట్టూ మైదానం గీరినట్టుగా తేలుతుంది.

ఆ మైదానం గురించి ఒక విన్నపం. గాలిలో కొద్దిపాటి హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నా వెండి మీద వెండి సల్ఫైడ్ పొర పేరుకుంటుంది. ఆ పొర మందం మీటరులో కోట్ల వంతుల్లో ఉన్నప్పుడు, దాని పై తలం నుంచీ కింది తలం నుంచీ వచ్చిన వెలుగు ఒకదానితో ఒకటి కలిసి, సబ్బు బుడగ మీదలాగే, పసుపు, ఊదా, నీలం రంగులు పుడతాయి. పొర మందమయితే నలుపు. మన ఇళ్ళలో వెండి నల్లబడితే విభూతితోనో చింతపండుతోనో తోమి తళతళలాడించడం అలవాటు. కంచానికి, కుంకుమ భరిణెకు అది తగును. నాణేనికి కాదు. తోమిన మరుక్షణం ఆ సన్నని గాడులు చెరిగిపోతాయి, వెలుగు తిరగడం ఆగిపోతుంది, మళ్ళీ ఎవరూ తిరిగి తేలేరు. డచ్చి సేకర్తలు నాణెం స్థితిని ‘ఫ్రాయ్’, ‘జేర్ ఫ్రాయ్’, ‘ప్రాఖ్తిఖ్’ అని మెట్లుగా చెబుతారు. ఒక్క మెట్టు తేడాతో ధర ఎన్నో రెట్లు మారుతుంది. తోమిన నాణేనికి ఆ మెట్లలో చోటు లేదు. మెత్తని పీవీసీ సంచుల్లో కూడా దాచవద్దు. వాటి నుంచి వచ్చే క్లోరిన్ సంబంధిత ఆవిరి నాణెంలోని రాగిని తిని ఆకుపచ్చ జిగట చేస్తుంది.

తెలుగు తీరంలో డచ్చి నాణేల గురించి అడిగేవారుంటారు. మచిలీపట్నంలో వాళ్ళ వర్తకం 1605లో మొదలయింది. భీమునిపట్నంలో వాళ్ళ సమాధుల తోట ఇప్పటికీ ఉంది. కానీ ఆ వర్తకం నడిపిన డచ్చి ఈస్టిండియా కంపెనీ 1799తోనే అంతమయింది. వాళ్ళు తెచ్చిన వెండిలో చాలా భాగం ఇక్కడి టంకశాలల్లో రూపాయలుగా మారిపోయింది. నెపోలియన్ యుద్ధాలు ముగిశాక 1818లో భీమునిపట్నం, పాలకొల్లు, జగన్నాథపురం మళ్ళీ డచ్చివారి చేతికి వచ్చాయి. 1824 లండన్ ఒప్పందం ప్రకారం మరుసటి ఏడే ఇంగ్లీషువారికి ఇచ్చేశారు. మొదటి విలెమ్ గిల్డర్‌కూ మన తీరానికీ ఉన్న కాలపు చుట్టరికం ఆ ఏడేళ్ళే. ఎవరైనా మూడో విలెమ్ నాణెం చూపించి ఇది మా ఊరి డచ్చి కోటలో దొరికిందంటే, దొరికిన చోటు నిజమే కావచ్చు గానీ అది డచ్చి కోట కాలపుది కాదు. ఆయన రాజయ్యేసరికి ఇక్కడ డచ్చి జెండా దిగి దాదాపు పాతికేళ్ళయింది.

కొత్తగా మొదలుపెట్టేవారు మూడు గిల్డర్ల నాణెం వెంట పడవద్దు. మూడో విలెమ్ పది సెంట్లతో మొదలుపెట్టండి. అవి ఎన్నో సంవత్సరాలవి, అందుబాటు ధరలో దొరుకుతాయి. కత్తి నుంచి గొడ్డలికి, గొడ్డలి నుంచి ఈటెకు గుర్తు మారడం వాటిలోనే వరుసగా చూడవచ్చు. షూల్‌మన్ తయారుచేసిన డచ్చి నాణేల కేటలాగు ఒక ప్రతి పక్కన పెట్టుకోండి. అందులోని ముద్రణ అంకెల పక్కన మీరే ఒక గడి గీసి, ఏడాది పొడుగునా వేలం జాబితాల్లో ఏ సంవత్సరం నాణెం ఎన్నిసార్లు కనిపించిందో రాసుకోండి. కొన్న ప్రతి నాణేనికీ గాలిలో బరువు, నీటిలో బరువు, వ్యాసం, ఎక్కడ ఎప్పుడు కొన్నారో చీటీ మీద రాసి దానితోపాటే ఉంచండి. ఆ చీటీ లేని నాణెం మీ తర్వాత దాన్ని తీసుకునేవారికి సగమే అందుతుంది.